దాత వయసు మీద నువ్వు రాసిన ఒక్క వాక్యం గురించి

అమ్మాయీ,

మధుమేహ రోగులకు ఎక్కించేందుకు, మరణించిన దాత క్లోమం నుంచి ఐలెట్లను, అంటే ఇన్సులిన్ తయారుచేసే కణాల గుత్తుల్ని, వేరుచేయడం మీద నీ వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది. అయితే మూడో పేజీలో "దాత ఎంత చిన్నవాడైతే ఐలెట్లు అంత బాగా వస్తాయి" అన్నావు చూడు, అక్కడ నాకు కోపం వచ్చింది. ఈ ఉత్తరం అందుకే.

క్లోమం నుంచి ఐలెట్లను వేరుచేసే పని చేసేవాళ్లెవరూ ఆ మాట అనరు. ఇరవై ఏళ్ల లోపు దాత క్లోమం వచ్చిందంటే వాళ్లకు గుబులే. ఆ వయసులో ఐలెట్ చుట్టూ ఉన్న కొల్లాజెన్ అనే పీచు ప్రోటీను అల్లిక, జీర్ణరసాలు తయారుచేసే ఎసినార్ కణజాలానికి దాన్ని గట్టిగా కట్టిపడేస్తుంది. క్లోమ వాహికలోకి ఆ పీచును కరిగించే ఎంజైము కొల్లాజినేజ్ ఎక్కించి, కణజాలాన్ని ఊపి విడదీసే పాత్ర అయిన రికార్డీ చాంబర్‌లో 37 డిగ్రీల దగ్గర ఎంత ఊపినా ఐలెట్ మీద ఎసినార్ పొర మిగిలిపోతుంది. ఐలెట్లకే ఎర్రగా పట్టే డైథిజోన్ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే మధ్యలో ఎర్రటి ఐలెట్, చుట్టూ రంగు పట్టని తొడుగు. సాంద్రత తేడా ఆధారంగా శుద్ధి చేసేటప్పుడు ఆ తొడుగు బరువుకి ఐలెట్ కిందికి దిగి, పారేసే కణజాలంలో కలిసిపోతుంది. పోనీ తొడుగు ఊడేదాకా ఎంజైమును పనిచేయనిద్దామా అంటే, ముందే విడివడ్డ ఐలెట్లు ముక్కలవుతాయి. అయినా దక్కిన ఆ కొన్నీ గ్లూకోజ్‌కి చురుగ్గా స్పందిస్తాయి. యాభై దాటిన దాత దగ్గర ఇదంతా తారుమారు: విడదీయడం సులువు, దక్కినవాటి చురుకు తక్కువ. నీ వ్యాసానికి ప్రాణం ఈ తిరకాసులో ఉంది. నువ్వేమో దాన్ని ఒక్క వాక్యంతో తుడిచేశావు.

నేను పట్టుబట్టేది ఒక్కటే. దాత గురించి ఏ లక్షణం చెప్పినా, అది ఏ దశలో, దేన్ని, ఎలా దెబ్బతీస్తుందో ఆ పక్క వాక్యంలోనే ఉండాలి. అది చెప్పలేకపోతే ఆ లక్షణాన్నే కొట్టేయి. వయసు, బరువు, రక్తపోటు, చక్కెర అని గళ్లు గీసి పట్టిక వేయడం పత్రికల వాళ్లకు మహా ఇష్టం. "కారణాలు తగ్గించండి, పాఠకుడు మోయలేడు" అని నా చేత ఎన్నో పేరాలు తీయించిన సంపాదకులున్నారు. పాఠకుడు మోయలేనిది కారణాన్ని కాదు, కారణం లేని జాబితాని. నువ్వు వాళ్ల మాట వినకు.

శరీర బరువు సూచీ, అంటే బీఎంఐ, ఎక్కువుంటే చెడ్డదని రాశావు. దిగుబడి వరకు చూస్తే అది తప్పు. భారీ దేహాల్లో క్లోమమూ పెద్దదే, దక్కే ఐలెట్ల ఘనపరిమాణమూ సాధారణంగా ఎక్కువే. చిక్కు ఎక్కడంటే, అంటుకున్న కొవ్వు గీరేటప్పుడు పైపొర చిరుగుతుంది. చిరిగితే ఎంజైము ద్రావణం కారిపోతుంది, క్లోమం ఉబ్బదు, ఉబ్బని భాగం కరగదు. మరో చిక్కు, బయటపడని టైప్ 2 మధుమేహం. ఐసీయూలో చూసిన ఒక్క చక్కెర రీడింగుతో దాన్ని తేల్చలేం. దేహం పడే ఒత్తిడికి, స్టెరాయిడ్లకు, గ్లూకోజ్ సెలైన్‌కి చక్కెర ఎలాగూ పెరుగుతుంది. అందుకే గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ అడుగుతారు. దాతకు రక్తం ఎక్కించి ఉంటే ఆ అంకెనూ అనుమానంగానే చూడాలి.

"5 లక్షల ఐలెట్లు" అన్నావు. ఏ లెక్కన? తలలు లెక్కపెట్టావా, ఐలెట్ ఈక్వివలెంట్లా? 150 మైక్రాన్ల వ్యాసమున్న ఐలెట్ ఒక ప్రమాణం. ఘనపరిమాణం వ్యాసానికి ఘనంగా పెరుగుతుంది కాబట్టి 300 మైక్రాన్లది 8 ప్రమాణాలకు సమానం. ముక్కలైతే తలలు పెరుగుతాయి, ప్రమాణాలు పెరగవు. మార్పిడికి గ్రహీత బరువులో కిలోకి కనీసం 5,000 ప్రమాణాలు కావాలంటారు, 70 కిలోల మనిషికి 3.5 లక్షలు. క్లోమంలో ఐలెట్ల వాటా 1, 2 శాతమే కనుక ఒక్క దాత తరచూ చాలడు. కెనడాలోని ఎడ్మంటన్ బృందం 2000లో వెలువరించిన ఐలెట్ మార్పిడి ఫలితాల్లో ఏడుగురు రోగుల్లో ఒక్కొక్కరికీ కనీసం ఇద్దరు దాతల ఐలెట్లు అవసరమయ్యాయి. ఈ వాక్యం నీ వ్యాసం మొదట్లోనే ఉండాల్సింది.

పెర్‌ఫ్లోరోకార్బన్ రెండు పొరల నిల్వ పద్ధతికి, అంటే ఆక్సిజన్ నింపిన ఆ ద్రవానికీ దాని పైనున్న నిల్వ ద్రావణానికీ మధ్య క్లోమాన్ని ఉంచే పద్ధతికి, పేజీన్నర ఇచ్చావు. మొదట్లో చిన్న చిన్న నివేదికలు దాన్ని ఆకాశానికెత్తాయి. తర్వాతి పెద్ద పోలికల్లో అవయవాలను చల్లగా నిల్వచేసే మామూలు యూడబ్ల్యూ ద్రావణం మీద దానికి స్పష్టమైన పైచేయి కనబడలేదు. అంతా మోజు. నాలుగు వాక్యాలకు కుదించు.

మిగిలిన చోటు శస్త్రచికిత్స బృందానికివ్వు. వాళ్ల గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. దాత ఎంత మంచివాడైనా, తీసేటప్పుడు క్లోమం చుట్టూ మంచు ముద్ద సరిగ్గా దట్టించకపోతే అది లోపల వెచ్చగానే ఉండిపోతుంది, ఎసినార్ కణాలు కారిపోయి తమ ఎంజైములతో ఐలెట్లనే తినడం మొదలుపెడతాయి. రక్తపోటు పడిపోవడం, గుండె ఆగడం, రక్తపోటు పెంచే మందుల మోతాదు పెరగడం కూడా ఇదే కోవలోవి: క్లోమానికి రక్తం తగ్గుతుంది.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, శీర్షిక గురించీ అడిగావు. ముందు వయసు పేరా తిరగరాయి. ఆ తర్వాత చల్లటి నిల్వ పేరా పట్టు. ఎనిమిది గంటల్లోపు అయితే మంచిది, పన్నెండు దాటితే కష్టం అని రాశావు, సరే. ఆ గంటలు బృహద్ధమని బిగించిన క్షణం నుంచి వాహికలోకి ఎంజైము ఎక్కించే క్షణం వరకని మొదటి వాక్యంలోనే చెప్పు.