కళలతో నగరం బాగుపడుతుందా? యాన్ మార్కుసెన్ ఏమన్నారు?

బాగుపడుతుంది, కానీ పెద్ద మ్యూజియం కట్టినందువల్ల కాదు, కళాకారులు అక్కడ ఉండి పనిచేసుకోగలిగినందువల్ల అంటారు అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన యాన్ మార్కుసెన్. 2003లో డేవిడ్ కింగ్‌తో చేసిన అధ్యయనంలో కళాకారుల వల్ల ఊరికి దక్కే ఈ లాభానికి ఆమె 'ఆర్టిస్టిక్ డివిడెండ్' (కళల లాభాంశం) అని పేరు పెట్టారు.

మామూలుగా కళల లాభమంటే టికెట్ల డబ్బులే లెక్కేస్తారు. అసలు సంగతి అందులో లేదు. కళాకారుల్లో చాలామందికి సొంత పనే కాబట్టి, ఉద్యోగం ఉన్న ఊరికి వెళ్లరు. నచ్చిన ఊరికి పనిని వెంట తెచ్చుకుంటారు. బొమ్మలు, పుస్తకాలు బయట అమ్ముడై, డబ్బు ఊళ్లోకి వస్తుంది. స్థానిక కంపెనీలకూ డిజైన్లు చేసిపెడతారు.

కళాకారులు పనిచేసుకునే చోటు ఎలా ఉంటుందో తెలియాలంటే, మిన్నెసోటాలోని మినియాపొలిస్ నగరంలో 2000లో తెరిచిన 'ఓపెన్ బుక్' అనే సాహిత్య, పుస్తక కళల కేంద్రాన్ని చూడండి. మూడు పాత భవనాలను కలిపేశారు. ఒకచోట రచనా క్లాసులు, మరోచోట చేత్తో కాగితం తయారీ, అచ్చు అక్షరాలు పేర్చి ముద్రించే ప్రెస్సు. ఆడంబరమేమీ లేదు.

చాలామంది మార్కుసెన్ వాదనను, నగరాలపై రాసే పరిశోధకుడు రిచర్డ్ ఫ్లోరిడా చెప్పిన 'క్రియేటివ్ క్లాస్' (సృజనాత్మక వర్గం)తో కలిపేస్తారు. అది పొరపాటు. ఆయన కళాకారులను ఇంజనీర్లు, లాయర్లతో కలిపి ఒకే గాటన కట్టారు. ఆ కలగాపులగాన్నే మార్కుసెన్ 2006లో తప్పుపట్టారు.