అల్లుడికి, వేలిముద్ర మిషన్ ముందు కూర్చునే లోపల

అల్లుడూ,

నీ మెసేజ్ నిన్న రాత్రి చూసినా. ఉరవకొండ దగ్గర ఊర్లో బస్టాండ్ కాడ రూమ్ తీసుకున్నానని, జిరాక్స్ మిషన్, లాప్‌టాప్, ఆధార్‌తో డబ్బులు తీసిచ్చే వేలిముద్ర మిషన్ పెట్టి సెంటర్ మొదలుపెడతానని, మామా రొంత ఐడియా చెప్పు అని రాసినావు. ఫోన్లో చెప్తే నువ్వు ఊఁ ఊఁ అని పెట్టేస్తావు, అందుకే కూర్చొని టైప్ చేస్తాండా. పెద్దగా అయితాది, ఓపిగ్గా చదువు, రెండోసారి కూడా చదువు.

నేను అనంతపురం పాత ఊర్లో ఎస్టీడీ బూత్‌తో మొదలుపెట్టినోడిని కదా. రాత్రి పొద్దుపోయినాక కాల్ రేటు తగ్గేది, అప్పుడు అరుగు నిండా జనం. బెంగళూరుకు కూలికి పోయిన కొడుకుతో రెండు మాటలు మాట్లాడాలని పల్లెల నుంచి వచ్చినోళ్ళు, మీటర్‌లో ఎర్ర అంకెలు తిరుగుతాంటే భయపడి గబగబా మాట్లాడి పెట్టేసేటోళ్ళు. 2003లో సెల్‌కు ఇన్‌కమింగ్ ఫ్రీ చేసినారు, రెండు మూడేండ్లలో నా అరుగు ఖాళీ. అద్దాల రూమ్ పీకేసి నాలుగు కంప్యూటర్లతో నెట్ సెంటర్ పెట్టినా, ఎంసెట్ రిజల్ట్స్ రోజు బయట రోడ్డు దాకా పిల్లోళ్ళు నిలబడేవాళ్ళు. 2016 సెప్టెంబర్లో జియో వచ్చింది, ప్రతి పిల్లోడి జేబులోకి నెట్ వచ్చేసింది, ఆ పనీ పోయింది. అదే సంవత్సరం నవంబర్ 8న 500, 1000 నోట్లు రద్దు, బ్యాంకుల ముందర క్యూలు, అప్పుడు బ్యాంకోళ్ళ తరఫున పాయింట్ తీసుకొని వేలిముద్ర మిషన్ పెట్టుకున్నా. ఇన్ని మారినాయి గానీ నా కాడికి వచ్చే మనిషి మాత్రం మారలే. అప్పుడు చీటీ ముక్క మీద నంబర్ చూపించి "కలిపియ్ నాయనా" అని అడిగిన అవ్వే, ఇప్పుడు పాస్‌బుక్ పట్టుకొని "పడినాయేమో చూడు నాయనా" అని అడుగుతాది. నీ సెంటర్ నడిచేది ఆ మనిషితోనే, దాన్ని బుర్రలో పెట్టుకొని మిగతాది చదువు.

ముందు వేలిముద్ర సంగతి. ఆధార్‌తో డబ్బులు తీసేదానికి ఏం కావాలి చెప్పు? ఆధార్ నంబర్, బ్యాంకు పేరు, వేలు. పిన్ లేదు, ఓటీపీ లేదు. ఏటీఎం అయితే కార్డు పోవాల, పిన్ తెలియాల, ఇక్కడ ఆ మనిషి వేలే తాళంచెవి, స్క్రీన్ మాత్రం నీ వైపు తిరిగి ఉంటాది. 500 అడిగిన తాతకు నువ్వు 5000 కొట్టినా ఆయప్పకు తెలియదు, ఆయప్ప చూసేది నీ మొహం. అందుకే మొదటి రోజు నుంచే అలవాటు చేసుకో: స్క్రీన్ వాళ్ళ వైపు తిప్పు, వేలు పెట్టే ముందు "తాతా, వెయ్యి రూపాయలు తీస్తాండా" అని గట్టిగా చెప్పు, అయినాక "ఇంగ నీ ఖాతాలో ఇంత ఉంది" అని చదివి వినిపించు, స్లిప్ చేతికియ్యి. చదువు రాకపోయినా ఇయ్యి. ఇంట్లో మనవరాలు చదువుతాది. స్లిప్ రోల్ ఖర్చు చూసి పిసినారితనం చేసేటోళ్ళు శానామంది ఉన్నారు, నువ్వు అట్ల చేయొద్దు.

ట్రాన్సాక్షన్ ఫెయిల్ అయినప్పుడు ఏం చేయాలో నేను తప్పు చేసి నేర్చుకున్నా. ఒక అవ్వకు రెండు వేలు తీస్తాంటే సిగ్నల్ పోయి ఫెయిల్ అని వచ్చింది, ఆ రోజు జనం ఎక్కువ, "కాలేదవ్వా రేపు రా" అని పంపించేసినా, స్లిప్ తీయలే, బ్యాలెన్స్ చూడలే. ఆమె ఖాతాలో డబ్బులు కట్ అయిపోయినాయి. ఆమె మందులకని వచ్చింది. వారం తర్వాత కూతురు వచ్చి అడిగితే గానీ నాకు తెలియలే. కంప్లైంట్ పెట్టి డబ్బు వెనక్కి తెప్పించినా, కానీ ఆ వారం ఆమె మందులు లేకుండానే ఉన్నింది, ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అది ఇప్పటికీ నాకు మనసులో ముల్లే. కాబట్టి ఫెయిల్ అని వస్తే వెంటనే రెండోసారి వేలు పెట్టించొద్దు. ముందు బ్యాలెన్స్ చూడు. కట్ అయి ఉంటే ఆ ట్రాన్సాక్షన్ నంబర్ కాగితం మీద రాసిచ్చి నువ్వే కంప్లైంట్ వెయ్యి. ఆర్బీఐ 2019లో దీనికి టైమ్ పెట్టింది, ఇట్ల ఖాతాలో కట్ అయి చేతికి రాని ఆధార్ డబ్బు 5 రోజుల్లోపు తిరిగి వేయాల, దాటితే రోజుకు 100 రూపాయలు బ్యాంకోళ్ళే ఆ ఖాతాకు కట్టాల. మనోళ్ళలో ఇది తెలిసినోళ్ళు ఎంతమంది? నువ్వు చెప్తేనే తెలుస్తాది.

అట్లే డబ్బులు తీసిచ్చినందుకు జనం కాడ పదో ఇరవయ్యో పట్టుకోవద్దు. బ్యాంకు తరఫున పాయింట్ నడిపేటోడు కస్టమర్ నుంచి నేరుగా ఛార్జ్ తీసుకోకూడదని ఆర్బీఐ రూల్, మన కమిషన్ బ్యాంకు ఇస్తాది. శానా ఊర్లలో తీసుకుంటాండారు, జనం కూడా అదే రూల్ అనుకుంటాండారు. కమిషన్ తక్కువే, నిజమే, నాకు తెలుసు. దాని మీదే ఇల్లు నడవదు, దాని గురించి కిందికి చెప్తా.

ఇంకోటి, పొలం పని, ఉపాధి పని చేసేటోళ్ళ వేళ్ళు అరిగిపోయి ఉంటాయి, మిషన్ తీసుకోదు. చెయ్యి కడిగించు, తుడిపించు, వేరే వేలు చూడు. అయినా రాకపోతే విసుక్కోవద్దు, ముఖం స్కాన్‌తో అయ్యే పనులు కొన్ని ఉన్నాయి, పీఎం కిసాన్ ఈకేవైసీ 2023 నుంచి యాప్‌లో ముఖంతో చేసేస్తాండారు. అరవై ఏండ్లు శెనక్కాయ పీకిన చేతిని "నీ వేలు పనికిరాదు పో" అని పంపిస్తే ఆ మనిషికి ఎట్లుంటాదో ఒకసారి ఆలోచించు.

ఇంగ క్యాష్. ఇది నీకు అర్థం కావాల్సిన పెద్ద విషయం. అందరూ ఫోన్ పే అంటాండారు కదా మామా, నోట్లు ఇంగ ఎవరికి కావాల అని నువ్వు పోయిన పండక్కి అన్నావు. 2025 ఆగస్టు ఒక్క నెలలోనే దేశంలో యూపీఐ ట్రాన్సాక్షన్లు 2000 కోట్లు దాటినాయి. కానీ నోట్ల రద్దు నాటికి చలామణిలో ఉన్న డబ్బు సుమారు 18 లక్షల కోట్లు, 2024 మార్చికి అది దాదాపు 35 లక్షల కోట్లు. రెండూ పెరిగినాయి. ఎందుకో నీ ఊర్లోనే కనపడతాది. బెంగళూర్లో బండి మీద డెలివరీ చేసే పిల్లోడు రాత్రి పదకొండుకు అమ్మ ఖాతాలో మూడు వేలు కొడతాడు, క్షణంలో పడతాది, ఒకప్పుడు మనియార్డర్ కోసం పోస్ట్‌మన్ దారి చూసినట్టు వారం చూడక్కర్లే. కానీ కూలోళ్ళకు ఇచ్చేదానికి, సంతలో కొనేదానికి, చీటీ కట్టేదానికి ఆమెకు నోట్లే కావాల. బెంగళూరు నుంచి ఊరిదాకా డబ్బు ఫోన్లో వస్తాది, ఆఖరి నాలుగు అడుగులు ఆమె నడిచి నీ షాపుకు వస్తాది. అందుకే పండగల ముందు, ఉపాధి డబ్బులు పడిన రోజు, పీఎం కిసాన్ రెండు వేలు పడిన రోజు గల్లాలో క్యాష్ రెడీగా పెట్టుకో. రెండు మైళ్ళు నడిచొచ్చిన మనిషిని క్యాష్ లేదని పంపిస్తే మళ్ళా రాదు. పోస్ట్‌మన్ కూడా ఇప్పుడు మిషన్ ఎత్తుకొని ఇంటికే వస్తాండాడు, 2018లో పోస్టాఫీసోళ్ళ పేమెంట్స్ బ్యాంకు మొదలైనప్పటి నుంచి. మంచాన పడినోళ్ళకు అది మేలు, నీకు పోటీ అని చెప్పకుండా దాచొద్దు, నువ్వే చెప్పు.

ఇది మాత్రం గట్టిగా చెప్తాండా. ఎవరో తెలియని పిల్లోడు వస్తాడు, "అన్నా నీ క్యూఆర్‌కు పది వేలు కొడతా, క్యాష్ ఇయ్యి, వంద ఎక్కువ ఇస్తా" అంటాడు. ఇయ్యొద్దు. ఆ పది వేలు యాడో ఎవర్నో మోసం చేసి లాగిన డబ్బు అయి ఉంటే, ఆ దారి పట్టుకొని పోలీసోళ్ళు నీ ఖాతాను ఆపించేస్తారు. నీ షాపు డబ్బంతా దాంట్లోనే ఇరుక్కుంటాది, విడిపించుకునేదానికి నెలలు తిరగాల, నువ్వు నిర్దోషివే అయినా. తెలిసినోళ్ళకు ఇచ్చినా ఒక పుస్తకంలో పేరు, ఫోన్ నంబర్, టైమ్, ఎంతో రాసి సంతకం పెట్టించుకో. షాపు ఖాతా వేరే, ఇంటి ఖాతా వేరే పెట్టుకో. 2025 జూలైలో బెంగళూర్లో చిన్న చిన్న కొట్లోళ్ళకు యూపీఐ లెక్కలు చూసి జీఎస్టీ నోటీసులు వచ్చినాయి, పాపం పాలు, కూరగాయలు అమ్మేటోళ్ళు కూడా బెదిరిపోయి క్యూఆర్‌లు పీకేసినారు. ఖాతాలోకి వచ్చిందంతా నీ ఆదాయం కాదని చూపించాలంటే ఆ పుస్తకమే నీకు దిక్కు. ఇంకా ఊర్లో కుర్రోళ్ళు "నీ ఖాతా నెలకు బాడుగకు ఇయ్యి" అనే మాటలకు లొంగకుండా చూడు, అది కూడా ఇదే మోసగాళ్ళ పనే, కేసు పడేది ఖాతా ఉన్నోడి మీద.

జిరాక్స్ కాగితాల గురించి చెప్తే చిన్న విషయం అనుకుంటావు. నేను ఒకసారి బొరుగులు కొంటే పొట్లం విప్పితే ఎవరిదో ఆధార్ జిరాక్స్. ఫోటో, నంబర్, ఇంటి అడ్రస్ అన్నీ ఉన్నాయి. ఏదో సెంటర్‌లో తప్పు పడిన కాపీలు పాత పేపర్లతో కలిపి కిలోల లెక్కన అమ్మేసి ఉంటారు. భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలు తీసి రబ్బరు ముద్రలు చేసి ఖాతాల్లోంచి డబ్బు లాగిన కేసులే బయటపడినాయి మరి. తప్పు పడిన కాపీని అప్పుడే చించు. ప్రింట్ కోసం వాట్సాప్‌లో పంపించిన ఆధార్లు, పట్టాదారు పాస్‌బుక్కులు రోజూ షట్టర్ దించే ముందు లాప్‌టాప్‌లోంచి తీసేయ్. ఎవరైనా ఆధార్‌తో డబ్బులు తీయం అన్నా, మాకు భయంగా ఉంది అంటే ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసిపెట్టు, కావాల్సినప్పుడు తెరుచుకోవచ్చు అని చెప్పు. నీకు ఆ మనిషి కాడ కమిషన్ పోతాది, పోనీ.

మోసం ఫోన్ల గురించి నీకు తెలుసు, అవ్వకు తెలియదు. డబ్బులు రావాలంటే పిన్ కొట్టక్కర్లేదు, పోయేదానికే కొట్టాల, ఈ ఒక్క మాట షాపు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించు. పోలీస్ డ్రెస్సులో వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అంటే అట్లాంటి అరెస్టే చట్టంలో లేదని చెప్పు. కొడుకు గొంతుతో ఏడుస్తా డబ్బు అడిగినా సరే, పెట్టేసి కొడుకు పాత నంబర్‌కు తిరిగి చేయమను, గొంతులు కూడా తయారు చేస్తాండారు ఇప్పుడు. డ్వాక్రా అక్కలకు లోన్ యాప్‌ల గురించి తప్పకుండా చెప్పు, కాంటాక్ట్‌లు, ఫోటోలు అడిగే యాప్ ఏదైనా సరే వద్దని. ఎవరన్నా మోసపోయి ఏడ్చుకుంటా వస్తే ఎట్ల జరిగింది, ఎందుకు నమ్మినావు అని అడగొద్దు, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టు. ఎంత బిన్నె చెప్తే అంత మేలు, డబ్బు చేతులు మారే లోపల ఆపే అవకాశం ఉంటాది. తర్వాత బ్యాంకుకు. మూడు పనిదినాల్లోపు చెప్తే, ఖాతాదారు తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా బయటోళ్ళు లాగిన డబ్బుకు ఖాతాదారు మీద భారం పడదని ఆర్బీఐ 2017 రూల్ ఉంది.

ఇప్పుడు నీ బతుకు సంగతి. 2025 జనవరిలో మన రాష్ట్రంలో వాట్సాప్‌లోనే గవర్నమెంట్ పనులు చేసుకునే మన మిత్ర మొదలైంది, 161 సేవలతో. సర్టిఫికెట్లు, బిల్లులు ఫోన్లోనే. రేపు ఇంకా పెరుగుతాయి, తెలుగులో మాట్లాడితే అర్థం చేసుకునేవి వస్తాండాయి, అవ్వే ఫోన్‌తో మాట్లాడి పని చేయించుకునే రోజు కూడా వస్తాది, రావాల కూడా. నా బూత్ పోయినట్టు నీ వేలిముద్ర మిషనూ ఒకరోజు పోతాది. మీ నాయన శెనక్కాయలో కంది సాళ్ళు ఎందుకు వేస్తాడో తెలుసు కదా, వాన ఎగ్గొట్టి శెనక్కాయ పోయినా కంది ఏదో ఒకటి చేతికిస్తాది. నువ్వూ అట్లే వెయ్యి. మిషన్ పక్కన జిరాక్స్, ఫోటోలు, పిల్లోళ్ళకు ఉద్యోగాల అప్లికేషన్లు, బస్సు రైలు టికెట్లు. ఎండాకాలం సెలవల్లో ఊరి పిల్లోళ్ళకు కంప్యూటర్ మీద తెలుగు టైపింగ్, లెక్కల షీట్లు నేర్పించు, ఫీజు తక్కువ తీసుకో. ఆడపిల్లలు వస్తే ఇంకా మంచిది, టౌన్‌కు పంపించని ఇండ్లలో కూడా ఊర్లో అయితే పంపిస్తారు. పనికి మనిషి కావాలంటే వాళ్ళలోంచే ఒకరిని పెట్టుకో, ఆడోళ్ళు ఖాతా సంగతులు ఆడమనిషికి చెప్పుకున్నట్టు నీకు చెప్పుకోరు.

అప్పు చేసి ఏసీ, అద్దాల డోర్ పెట్టొద్దు. మంచి ఇన్వర్టర్ పెట్టు, రెండు కంపెనీల సిమ్‌లు పెట్టు, ఒకటి పోతే ఇంకోటి. బయట నీడకు రేకులు, తాగేదానికి కుండ నీళ్ళు.

నా బూత్ అరుగు మీద ఉన్న పాత టేకు బెంచీ ఇంకా ఇంట్లోనే ఉంది, మీ అత్త దాని మీద బియ్యం మూటలు పెట్టింది. ఖాళీ చేయించి లగేజీ ఆటోలో తెస్తా, నలుగురు కూర్చోవచ్చు. ఓపెనింగ్ డేట్ చెప్పు, బుధవారం అయితే రాలేను, కంటి డాక్టర్ కాడికి పోవాల.

మీ మామ