టెక్ సందేహాలు: ఆరుగురికి ఒకే ఏఐ అకౌంటు

ప్రశ్న: నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర మాకు డిజైనింగ్ ఆఫీసు ఉంది. ఆరుగురం పనిచేస్తాం. పెండ్లి కార్డులు, ఫ్లెక్సీలు, స్కూళ్ల బ్రోచర్లు, ఐడీ కార్డులు, దుకాణాలకు సోషల్ మీడియా పోస్టర్లు మా పని. ఏడాది కింద ఒక ఏఐ సర్వీసుకు నెలవారీ చందా కట్టి, అందరం అదే అకౌంటు వాడుతున్నాం. పని తగ్గకపోగా దిద్దుబాట్లు పెరిగాయి. తెలుగు అక్షరాలు తప్పుగా వస్తున్నాయి. ఇంతకంటే మంచి టూల్ ఏది?

జవాబు: ఇదే ప్రశ్న మిర్యాలగూడ నుంచి వచ్చింది, సూర్యాపేట నుంచి వచ్చింది, వనపర్తి నుంచి రెండుసార్లు వచ్చింది. ఊరు పేరు మారుతోంది తప్ప ఫిర్యాదు మారడం లేదు, చివరి వాక్యం అసలే మారడం లేదు. టూల్ మార్చితే తీరే బాధ కాదు కాబట్టి నేను ఏ పేరూ చెప్పబోవడం లేదు. మీ ఉత్తరంలో నన్ను ఉలిక్కిపడేలా చేసింది దిద్దుబాట్ల సంగతి కాదు. ‘అందరం అదే అకౌంటు వాడుతున్నాం’ అని మీరు ఏమీ పట్టనట్టు రాసేసిన మాట.

ముందు తేలికైన వాటిని ముగిస్తాను. బొమ్మలు తయారుచేసే ఏఐ అక్షరాలను టైపు చేయదు, వాటిని కూడా బొమ్మలాగే గీస్తుంది. పక్కపక్కనే వరసగా నిలబడే ఇంగ్లిష్ అక్షరాలతో అది ఎలాగోలా నెట్టుకొస్తుంది కానీ, గుడి పైకి ఎక్కి, వత్తు కిందికి దిగి, ఒక్కో అక్షరం మూడు అంతస్తులుగా ఉండే మన లిపి దగ్గర తడబడుతుంది. చెరువుగట్టు జాతర ఫ్లెక్సీకి ‘రామలింగేశ్వర స్వామి బ్రహ్మోత్సవాలు’ అని అడిగి చూడండి. ‘శ్వ’లో వత్తు ఎగిరిపోతుంది, లేదా ‘హ్మో’ ఏ లిపికీ చెందని ముడిగా తేలుతుంది. కొత్తవి కొంత మెరుగుపడ్డాయి, అయినా జాతర ముందురోజు రాత్రి వాటిని నమ్ముకోవడం మంచిది కాదు. బొమ్మను మాత్రమే ఖాళీ జాగాతో అడిగి తీసుకుని, అక్షరాలను మీరే విడి లేయరులో వేసుకోండి. మీ పాత ఫైళ్లు ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో కొట్టినవైతే ఇంకో చిక్కు ఉంది: అవి యూనికోడ్ (ఏ కంప్యూటరైనా ఒకేలా చదివే అక్షర పద్ధతి) కావు, తెరమీద తెలుగులా కనిపించేదంతా లోపల వేరే గుర్తుల వరుస. దాన్ని అలాగే ఏఐలో అతికించి అచ్చుతప్పులు దిద్దమంటే, అది అర్థంకాని గుర్తులను చూసి తోచిన తెలుగు రాసిపెడుతుంది. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చండి. యూనికోడ్‌లో మంచి ఫాంట్లు లేవనే సాకు ఇప్పుడు చెల్లదు. ఉచితంగా దొరికే వాటిలో మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టిన ఫాంటు కూడా ఉంది. ఇక కొలతలు: 1024 పిక్సెళ్ల చదరపు బొమ్మను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చు వేస్తే దాదాపు 3.4 అంగుళాలు వస్తుంది. అది కార్డు మీద వినాయకుడికి సరిపోతుంది, కార్డంతా పరవడానికి సరిపోదు.

ఇప్పుడు అకౌంటు సంగతి. బీరువా తాళంచెవి ఆరుగురి జేబుల్లో ఉంటే కనీసం ఏదైనా పోయినప్పుడు తెలుస్తుంది, ఎందుకంటే తీసిన వస్తువు లోపల ఉండదు. ఇక్కడ ఎవరు ఏం చూసినా, ఎంత కాపీ చేసుకున్నా లోపల ఏమీ తగ్గదు. పాస్‌వర్డ్ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎప్పుడో పెట్టి ఉంటారు, పనిచేసి మానేసిన వాళ్లలో ఎవరో ఒకరు ఇంకా ఆ గ్రూపులో ఉంటారు, ఉండకపోయినా వాళ్ల ఫోన్‌లో ఆ అకౌంటు తెరిచే ఉంటుంది. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనడం లేదు. ఆ ఫోన్ రేపు సెకండ్ హ్యాండ్‌లో ఎవరి చేతికి పోతుందో వాళ్లకూ తెలియదు, మీకూ తెలియదు.

లోపల ఏముందని అంత భయం అంటారేమో. పెండ్లి కార్డు మ్యాటరును మీ వృత్తి మరచి ఒక్కసారి చదవండి: ఇంటి నంబరు, రెండు కుటుంబాల ఫోన్ నంబర్లు, పెండ్లికొడుకు ఉద్యోగం, ఇంటిల్లిపాదీ ఏ రోజు ఏ ఫంక్షన్ హాలులో ఉంటారనే వివరం, అంటే ఇంటికి ఏ రోజు తాళం పడి ఉంటుందనే వివరం. బంధువులకు పంచిన కార్డులో అది ఉండటం వేరు, ఏడాది పొడవునా మీరు చేసిన కార్డుల మ్యాటరంతా ఒకే అకౌంటు చరిత్రలో తేదీల వారీగా పేరుకుపోయి ఉండటం వేరు. ఐడీ కార్డుల పని ఇంతకంటే ఘోరం. స్కూలువాళ్లు పంపే ఎక్సెల్ షీటులో వందల మంది పిల్లల పేరు, తరగతి, పుట్టిన తేదీ, బ్లడ్ గ్రూపు, తండ్రి ఫోన్ నంబరు ఉంటాయి, పక్కనే ఫొటోల ఫోల్డరు ఉంటుంది. పేర్ల స్పెల్లింగులు సరిచేయమని ఆ షీటును ఉన్నదున్నట్టు ఏఐలో పడేస్తున్నామని నాకు రాసినవారిలో ఇద్దరు తామే చెప్పారు, అదేదో తెలివైన చిట్కా అన్నట్టు చెప్పారు.

అది చిట్కా కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. సమాచార భద్రతలో విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకు, పిల్లల విషయంలో బాధ్యత తప్పితే 200 కోట్ల వరకు జరిమానాకు అందులో వీలుంది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలులోకి వస్తాయి. క్లాక్‌టవర్ దగ్గరి ఆఫీసు మీద కోట్ల జరిమానా పడుతుందని బెదిరించడం నా ఉద్దేశం కాదు. రేపు ఏదైనా బయటపడితే స్కూలు యాజమాన్యం ముందుగా వేలు చూపించేది మీ వైపే అని మాత్రం గుర్తుంచుకోండి. ఆ పనికి నిజానికి ఏఐకి పిల్లల వివరాలు ఇవ్వాల్సిన అవసరమే లేదు. మూడు ఉత్తుత్తి పేర్లతో నాలుగు వరుసల నమూనా షీటు తయారుచేసి, ‘ఇంటిపేరును వెనక్కి తెచ్చి, మధ్యలో అదనపు ఖాళీలు తీసేసే ఫార్ములా రాయి’ అని అడగండి. వచ్చిన ఫార్ములాను అసలు షీటులో మీరే వేసుకోండి.

ఇవన్నీ జరిగే సంగతులేనా అనే అనుమానం ఉంటే, 2023లో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఇంజనీర్లు సంస్థ రహస్య కోడును చాట్‌బాట్‌లో అతికించి, ఆ తర్వాత యాజమాన్యం ఏకంగా ఆ వాడకాన్నే నిషేధించాల్సి వచ్చిన వైనం గుర్తుచేసుకోండి. 2025లో ఒక చాట్‌బాట్ వాడినవారు ‘షేర్’ నొక్కి పంచుకున్న సంభాషణలు సెర్చ్ ఇంజిన్‌లో అందరికీ కనిపించాయి. క్లయింటుకు చూపించడానికి మీరు పంపిన చాట్ లింకులు ఎన్ని ఇప్పటికీ తెరుచుకుంటున్నాయో లెక్క ఉందా?

వీటన్నింటికీ తోడు, మన ఆఫీసుల్లో క్రాక్ చేసిన డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి ‘ఏఐ ప్లగిన్ ఉచితం’ అంటూ టెలిగ్రామ్‌లో వచ్చిన ఫైలును ఇన్‌స్టాల్ చేయడం ఈమధ్య కొత్త వ్యాపకం. అలాంటి ఫైళ్లలో దాగి వచ్చే మాల్‌వేర్, అంటే దొంగ ప్రోగ్రాం, పాస్‌వర్డ్‌తో ఆగదు, మీరు అప్పటికే లాగిన్ అయి ఉన్నారని బ్రౌజర్ గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లను (కుకీలను) దొంగిలిస్తుంది. లాగిన్ ముందే అయిపోయింది కాబట్టి ఓటీపీ అడిగే అవకాశమే రాదు. అంటే ఆరుగురిలో ఒక్కరి కంప్యూటరు చెడితే ఆరుగురి పనీ, క్లయింట్లందరి వివరాలూ ఒక్కసారే పోతాయి. ఇలా జరిగినట్టు అనుమానం వస్తే ముందు వేరే శుభ్రమైన ఫోన్ నుంచి అన్ని పరికరాల లాగిన్లు తెంచి, తర్వాత పాస్‌వర్డ్ మార్చి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తప్పంతా వాడేవాళ్లదే అంటే మాత్రం నేను ఒప్పుకోను. మీరు ఇచ్చిన ఫైళ్లతో తమ ఏఐకి శిక్షణ ఇచ్చుకునే స్విచ్‌ను ముందే ఆన్ చేసి పెట్టి, దాన్ని ఆపే చోటును సెట్టింగుల్లో ఎక్కడో లోపల దాచే పద్ధతిని నిర్లక్ష్యం అనడం కూడా మర్యాదే అవుతుంది. ఒక్కోసారి అప్‌డేట్ వస్తే ఆ స్విచ్ ఇంకో గదిలోకి మారుతుంది. నిన్నటిదాకా పీడీఎఫ్ తెరిచి చూపించడమే పనిగా ఉన్న యాప్ ఈరోజు తెరవగానే ‘సారాంశం చెప్పనా’ అంటూ మెరిసే బటన్‌తో దారికి అడ్డం నిలబడుతుంది. అది నొక్కితే ఫైలు మన కంప్యూటరు దాటి బయటికి పోతుందనే ముక్క ఆ బటన్ మీద ఉండదు. అకౌంట్లు పంచుకోవద్దని నిబంధనల్లో రాసే కంపెనీలే, టీమ్ అకౌంటు ధరను మహానగరపు యాడ్ ఏజెన్సీని చూసి నిర్ణయిస్తాయి, ఆరుగురి నల్లగొండ ఆఫీసు వాళ్ల లెక్కలో లేదు. అయినా నా సలహా ఒకటే: ఆరుగురికీ కొనలేకపోతే ఇద్దరికే కొనండి. ఆ ఇద్దరి అకౌంట్లు వాళ్లవే, రెండంచెల ధ్రువీకరణతో (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటి రెండో తనిఖీ). మిగిలిన నలుగురు తమకు కావలసింది వాళ్లతో చేయించుకోవాలి. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఏ బొమ్మ ఎవరు చేయించారు, ఏం అడిగారు అనేది తేలుతుంది కాబట్టి మీ దిద్దుబాట్లలో సగం అక్కడే తగ్గుతాయి. ఇప్పుడు మీ దగ్గర ఒకే పోస్టరుకు ఆరుగురు చేసిన రూపాలు పిల్లలమర్రి ఊడల్లా దిగబడి, అసలు మొదలు ఏదో కనిపించడం లేదని నా అంచనా.

ఏఐని పనిలో ఎక్కడ పెట్టాలనే ప్రశ్నకు జవాబు మన ఉమ్మడి జిల్లాలోనే ఉంది. ఆలేరు పక్కన శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పే యంత్రం) తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఒక్కో చీరకు వేల సార్లు చేయి ఆడించి ఆసు పోసి తల్లి భుజం నొప్పితో బాధపడటం చూసి, ఆయన యంత్రానికి ఆ చేతి కదలికను అప్పగించారు. ఏ నూలుకు ఎక్కడ ముడి పడాలి, ఏ రంగు పక్కన ఏ రంగు రావాలి అనే నిర్ణయం జోలికి పోలేదు. మీ ఆఫీసులో జరుగుతున్నది దానికి తిరగబడిన పని: మొదటి ఆలోచన ఏఐని అడుగుతున్నారు, అది ఇచ్చిన దాన్ని చేతితో గంటలకొద్దీ దిద్దుతున్నారు. బ్యాక్‌గ్రౌండ్ తీసేయడం, ఒకే పోస్టరును ఆరు సైజుల్లోకి మార్చడం, పాత ఫొటో గీతలు పోగొట్టడం దానికి ఇవ్వండి. క్లయింటు ఏం కోరుతున్నాడో కూర్చుని మాట్లాడి, కాగితం మీద గీసుకోవడం మీ దగ్గరే ఉంచుకోండి.

ప్రశ్న: మాది గద్వాలలో చీరల దుకాణం. మోడళ్లతో ఫొటో షూట్ ఖర్చు ఎక్కువని, మడత చీర ఫొటో ఇచ్చి ఏఐతో మోడల్‌కు కట్టించి ఆన్‌లైన్ కేటలాగు చేస్తున్నాం. చీరలు వాపసు వస్తున్నాయి. ఎందుకు?

జవాబు: ఫొటోలో ఉన్నది మీ చీర కాదు కాబట్టి. మడతలో కనిపించని కొంగును, అంచు మలుపును ఏఐ తన ఊహతో నింపుతుంది. గద్వాల చీరకు ప్రాణమే నూలు ఒంటికి పట్టు అంచును, పట్టు కొంగును కలిపే కుప్పడం నేతలో ఉంది. ఏఐ ఆ అతుకును చెరిపేసి ఒకే గుడ్డలా నున్నగా చేస్తుంది. పోచంపల్లి చీరలదీ ఇదే గతి: నూలును ముందే ముడులు కట్టి అద్దడం వల్ల డిజైను అంచుల్లో వచ్చే సన్నని చెదురును ఏఐ లోపమనుకుని దిద్దేస్తుంది, చివరికి ప్రింటు చీరలా చూపిస్తుంది. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు పెట్టి లేని నేతను చూపించడం కొనేవారిని తప్పుదోవ పట్టించడమే. చీరను కొంగు, ఒళ్లు, అంచు, వెనకవైపు అన్నీ కనిపించేలా పగటి వెలుతురులో మామూలు ఫోన్‌తో తీసిన నాలుగు ఫొటోలు ముందు పెట్టండి. ఏఐ మోడల్ బొమ్మ ఉంటే చివర్లో, అది ఏఐ బొమ్మేనని దానిమీదే తెలుగులో రాసి పెట్టండి.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో మాది జానపద పాటల యూట్యూబ్ టీమ్. మా గాయని ఊళ్లో లేనప్పుడు ఆమె గొంతును ఏఐతో తయారుచేసి పాట పూర్తిచేయవచ్చా?

జవాబు: ఆమె రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే, అదీ ఏ పాటకు, ఎంత డబ్బుకు, ఎన్నాళ్లకు అని స్పష్టంగా ఉంటేనే. 2024 జులైలో బొంబాయి హైకోర్టు అరిజిత్ సింగ్ గొంతును అనుమతి లేకుండా ఏఐతో అనుకరించడాన్ని అడ్డుకుంది. మీ గాయనికి హైకోర్టుకు వెళ్లే స్తోమత లేకపోవచ్చు కానీ గొంతు మీద హక్కు ఆమెదే. నిజమైనదని పొరబడేలా ఏఐతో మార్చిన వీడియోలను అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ సంగతి వెల్లడించాలని యూట్యూబ్ కూడా అడుగుతుంది. ఆమె గొంతు నమూనా ఫైలు కూడా పాస్‌వర్డ్ లాంటిదే. దాన్ని టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే ముందు ఆమెకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పండి.