టార్చ్ వెలుతురు బాగాలేదంటే చాలదు, రాసిన అంకె అబద్ధమని చూపించండి

ప్రశ్న: 22 నెలల క్రితం ఆన్‌లైన్‌లో జేబులో పట్టే ఎల్‌ఈడీ టార్చ్ ఒకటి చవకగా వస్తోందని కొన్నాను. ఒక్క పెన్సిల్ సెల్‌తో 10,000 ల్యూమెన్లు (టార్చ్ ఇచ్చే మొత్తం వెలుతురు కొలత), కిలోమీటరు దూరం అని రాశారు. తీరా చూస్తే వెలుతురు మధ్యలో నల్లమచ్చ, చుట్టూ రింగులు, అంతా నీలంగా ఉంది. ఒక రాత్రి నాన్నగారు ఆ టార్చ్‌తో వెళ్తూ మెట్టు కనబడక పడ్డారు. చీలమండ విరిగింది. ఆ టార్చ్ ఆయన చేతికి ఇచ్చింది నేనే అన్న బాధ నన్ను వదలడం లేదు. అమ్మినవాళ్లు నెలల తరబడి ‘పరిశీలిస్తున్నాం’ అని మెయిళ్లు పెడుతున్నారు. డబ్బా పారేశాను. ఆ పేజీలో ఇప్పుడు అంకె 1,000గా మార్చేశారు. అదే టార్చ్ మళ్లీ కొని, కొత్త బిల్లుతో కేసు వేయమని స్నేహితుడు అంటున్నాడు. వేయొచ్చా?

జవాబు: నాన్నగారు పడిన సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఈ కేసు నిలబడేది దాని మీద కాదు. నల్లమచ్చ, రింగుల మీద అసలే కాదు. అద్దానికీ ఎల్‌ఈడీకీ మధ్య దూరం సరిగ్గా కుదరకపోతే అలాంటి మచ్చ వస్తుంది. చవక టార్చ్‌ల్లో ఇది మామూలే. మచ్చ ఉండదనీ వెలుతురు సమానంగా పరుచుకుంటుందనీ వాళ్లు ఎక్కడా రాసివ్వలేదు. ‘వెలుతురు బాగాలేదు’ అని మీరు రాస్తే, ‘అది మీ అభిప్రాయం’ అని అవతలి లాయరు ఒక్క మాటతో తేల్చేస్తారు. అంకెల సంగతి వేరు. 10,000, కిలోమీటరు అన్నవి రాసిచ్చిన మాటలు. అవి అబద్ధమని తేలితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అది తప్పుదోవ పట్టించే ప్రకటన. మీ కేసంతా ఇక్కడే ఉంది.

మొదటి అంకెను కాగితం మీదే పడగొట్టవచ్చు. ఎల్‌ఈడీ ఒక్కో వాట్‌కు 200 ల్యూమెన్లు ఇస్తుందని ఉదారంగా లెక్కేసినా, 10,000కు 50 వాట్లు కావాలి. ఒక మామూలు పెన్సిల్ సెల్‌లో ఉండే శక్తి మొత్తం సుమారు 3 వాట్-అవర్లు, అంటే 3 వాట్లను గంటసేపు ఇచ్చేంత. ఆ లెక్కన నాలుగు నిమిషాలు కూడా వెలగదు. అసలు అంత చిన్న సెల్ నుంచి 50 వాట్లు లాగడమే కుదరదు.

రెండో అంకెకు కొలత కావాలి. టార్చ్‌లకు ఎఫ్ఎల్ 1 అనే ప్రమాణం ఉంది. ఒక చోట పడే వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. అది 0.25 లక్స్‌కు, అంటే దాదాపు పౌర్ణమి వెన్నెలంతకు, తగ్గే చోటు వరకే టార్చ్ దూరమని లెక్కిస్తారు. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, ఆ దూరం కిలోమీటరు కావాలంటే 5 మీటర్ల దగ్గర లక్స్ మీటర్ 10,000 లక్స్ చూపించాలి. చీకటి గదిలో, కొత్త సెల్ వేసి, టేపుతో 5 మీటర్లు కొలిచి, ఆపకుండా వీడియో తీయండి. మీటర్ 300 చూపిస్తే ఆ టార్చ్ అసలు దూరం సుమారు 173 మీటర్లే. ఫోన్ యాప్ నమ్మకండి, లక్స్ మీటర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. ‘మేం ఆ ప్రమాణం ప్రకారం చెప్పలేదు’ అని వాళ్లంటే, మరి ఏ లెక్కన కిలోమీటరు అన్నారో చెప్పమని వినియోగదారుల కమిషన్ ముందే అడగండి. టార్చ్‌ను మాత్రం విప్పొద్దు. అవసరమైతే కమిషనే దాన్ని ల్యాబ్‌కు పంపుతుంది. విప్పిన వస్తువును పంపితే లోపం మీరు చేసిందేనంటారు.

ఇక మీ అజాగ్రత్త. డబ్బా పారేశారు, పేజీ స్క్రీన్‌షాట్ తీయలేదు. గొడవ మొదలైన రోజే చేయాల్సిన పనులివి. అయినా దారి మూసుకుపోలేదు. మీ అకౌంట్‌లోని ఇన్‌వాయిస్, ఆర్డర్ మెయిల్ తీసి చూడండి. చాలాసార్లు వస్తువు పేరులోనే ‘10,000 ల్యూమెన్స్’ అని ఉంటుంది. అది అమ్మినవాళ్ల సొంత రాత, పేజీ మార్చినా చెరగదు. ఈ రోజే డౌన్‌లోడ్ చేసుకోండి. ఆ పేజీ ఇప్పుడున్న రూపాన్ని కూడా తేదీతో సహా భద్రపరచండి, అంకె ఎందుకు మార్చారో వాళ్లు జవాబు చెప్పాలి.

నాకు టెన్షన్‌గా ఉన్నది గడువు గురించి. వ్యాజ్య కారణం, అంటే కేసు వేయడానికి ఆధారమైన సంగతి, పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు పడాలి. టార్చ్ చేతికొచ్చిన రోజు నుంచే లెక్కేసుకోండి. అంటే మీకు మిగిలింది రెండు నెలలు. వాళ్ల మెయిళ్ల వల్లో, మీరు పంపే నోటీసు వల్లో గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ, దానికి గట్టి కారణం చూపాలి. ‘వాళ్లు ఆగమన్నారు’ అన్నది గట్టి కారణం కాదు.

స్నేహితుడి సలహా పాటించారో, బాధితుడిగా వెళ్లి ముద్దాయిగా తిరిగొస్తారు. ఫిర్యాదుతో పాటు అఫిడవిట్ ఇస్తారు. నిన్న కొన్న టార్చ్‌తో ఎప్పుడో జరిగిన ప్రమాదాన్ని ముడిపెట్టి ప్రమాణం చేస్తే అది తప్పుడు సాక్ష్యం, నేరం. వైద్య కాగితాల మీది తేదీ ఒక్కటి చాలు మిమ్మల్ని పట్టివ్వడానికి. ఆ తర్వాత నిజమైన బిల్లు చూపించినా ఎవరూ నమ్మరు.

ఈ వారమే 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఫిర్యాదు కూడా పక్కనే తయారు చేసుకోండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పుకోవచ్చు గానీ, దాని కోసం ఆగొద్దు. జవాబు రాకపోతే 16వ రోజున మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయండి, అమ్మినవాళ్ల ఊరికి వెళ్లక్కర్లేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే వేయొచ్చు.

డబ్బు వాపసు, తప్పుడు ప్రకటనకు పరిహారం, ఖర్చులు ప్రధానంగా కోరండి. నాన్నగారి గాయాన్ని వేరే కోరికగా, ఆస్పత్రి రికార్డులో ‘చీకట్లో మెట్టు జారి’ అనో మరోలాగో కారణం రాసి ఉంటేనే చేర్చండి. లేకపోతే వదిలేయండి, నిరూపించలేని ఆ ఒక్క ముక్క నిరూపించగలిగిన మిగతా కేసును కూడా లాగేస్తుంది.