సందేహాలు – సమాధానాలు: వ్యసనాక్రాంతుడు

సందేహం: బైబిలులోని యెషయా గ్రంథం 53వ అధ్యాయం 3వ వచనాన్ని క్రైస్తవులు క్రీస్తుకు అన్వయించి చదువుతారు. అందులో "వ్యసనాక్రాంతుడుగాను వ్యాధి ననుభవించినవాడుగాను" అని ఉంది. వ్యసనం అంటే తాగుడు, జూదం కదా! ఇది అచ్చుతప్పా? మార్చి చదవవచ్చా?

సమాధానం: అచ్చుతప్పేమీ లేదు. పాత తెలుగులో వ్యసనమంటే దుఃఖం, ఆపద కూడా. అదే బైబిలులో 37వ కీర్తన "చెడ్డవారిని చూచి నీవు వ్యసనపడకుము" అని మొదలవుతుంది. మత్తయి 19:22లో ఆస్తిపరుడైన యౌవనుడు "వ్యసనపడుచు వెళ్లిపోయెను". రెండుచోట్లా మనసు కుమలడమే తప్ప సీసా లేదు, పాచికలు లేవు.

సంస్కృతంలో 'అసు' ధాతువుకు విసరడమని అర్థం. దానికి 'వి' చేరి వ్యసనమయింది. మనిషిని శ్రేయస్సు నుంచి విసిరిపారేసేది వ్యసనమని కౌటిల్యుడి నిర్వచనం. అందుకే అర్థశాస్త్రం 8వ అధికరణంలో వేట, జూదం, మద్యాలతో పాటు అగ్ని, వరద, వ్యాధి, కరవు కూడా చర్చకు వస్తాయి. సంస్కృత నిఘంటువు అమరకోశం "వ్యసనం విపది భ్రంశే దోషే కామజకోపజే" అంటూ ఆపదను ముందు పెట్టి, కామక్రోధాల వల్ల పుట్టే దోషాన్ని చివరికి నెట్టింది. హితోపదేశంలోని "ఉత్సవే వ్యసనే చైవ" శ్లోకం పండగలోనూ వ్యసనంలోనూ వెంట నిలిచేవాడే బంధువంటుంది. అక్కడ తాగుడని అర్థం చెబితే నవ్వులపాలవుతాం! సప్తవ్యసనాలన్న మాటే జనం నోట బాగా నిలిచి, తక్కిన అర్థాలను మింగేసింది.

ఇక సమాసం సంగతి. వ్యసనముచేత ఆక్రాంతుడు, తృతీయా తత్పురుషం. ఆక్రాంతుడంటే ఆక్రమింపబడినవాడు, కష్టం వచ్చి మీద పడినవాడు. శోకాక్రాంతుడు కూడా ఇలాంటిదే. వ్యసనపరుడు వేరు: అందులో 'పర' శబ్దానికి దానిమీదే మనసు పెట్టుకున్నవాడని అర్థం. మీకు కలిగిన అనుమానమంతా ఈ రెండు మాటలూ కలగలిసిపోవడం వల్లనే. పైకి చదివేటప్పుడు 'వ్యసనా' దగ్గర ఆగి 'క్రాంతుడు' అంటే క్రాంతి గుర్తొచ్చి మరీ చెడుతుంది. ఆగకుండా ఒక్క ఊపున చదవాలి.

మూలమైన హీబ్రూలో ఉన్నది "నొప్పుల మనిషి" అన్న మాట. ఆ నొప్పి అనే పదమే తరువాతి వచనంలో మళ్లీ వస్తుంది. తెలుగు అనువాదకులు కూడా "మన రోగములను భరించెను, మన వ్యసనములను వహించెను" అని 4వ వచనంలోనూ వ్యసనాన్నే నిలిపారు. 3లో అతని మీద పడ్డ బాధ, 4కు వచ్చేసరికి మనదేనని తేలుతుంది. వ్యాధి విషయంలో మాత్రం అంత జాగ్రత్త కనిపించదు. హీబ్రూలో రెండుచోట్లా ఒకే మాట ఉండగా తెలుగులో ఒకచోట వ్యాధి, ఇంకోచోట రోగం అయ్యాయి.

కాబట్టి నేటి శ్రోతల కోసం మార్చదలిస్తే "దుఃఖాక్రాంతుడు" సరిపోతుంది. కానీ 4లో కూడా "మన దుఃఖములను" అని మార్చాలి. ఒక్కచోటే మారిస్తే లంకె తెగుతుంది. పైగా 4ను అలాగే వదిలేస్తే, మన దురలవాట్లను మోశాడన్న అర్థం వినేవారికి తోస్తుంది. ప్రసంగీకులు కొందరు సరిగ్గా అక్కడే పప్పులో కాలేస్తారు.

ఇలాంటి చిక్కే హెబ్రీయులకు 4:15లో "సహానుభవము" దగ్గరా ఉంది. దాన్ని సానుభూతిగా మార్చకండి. గ్రీకు మూలానికి కూడా కలిసి బాధపడడమనే అర్థం. సానుభూతి ఇప్పుడు గట్టున నిలబడి చూపేదయింది, ఎన్నికల్లో ఓట్లకు కూడా తగులుకుంది. సహానుభవంలోని 'సహ' మాత్రం ఇంకా అరగలేదు.