ఈఈజీ కోర్సు కోసం చిట్టీ పాడుకోవాలా?

ప్రశ్న: మాది హన్మకొండ. ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, జీతం 17,000. ఈఈజీ (మెదడు పనితీరును గీతలుగా చూపే పరీక్ష) టెక్నీషియన్ కావాలని ఉంది. ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు ఫీజు 1,30,000, అమెరికా బోర్డు పరీక్షకు కూడా తయారు చేస్తామంటున్నారు. 20 తారీఖు లోపు కట్టాలట. లక్ష రూపాయల చిట్టీలో 20 నెలలకు 11 కట్టాను. అది పాడుకుని మిగతాది మిత్తికి తెద్దామనుకుంటున్నా. బ్యాంకులో 60,000 ఎఫ్‌డీ ఉంది, దాన్ని ముట్టొద్దని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు అన్నా?

జవాబు: చెల్లెమ్మా, పని మంచిదే ఎంచుకున్నారు. డబ్బు ముందే కట్టేయడమే నాకు నచ్చడం లేదు.

థియరీ ఆన్‌లైన్‌లో బాగానే వస్తుంది. ఫిట్స్ వచ్చినప్పుడు గీతలు ఎలా మారతాయి, పేషెంటు రెప్ప కొడితే పడే గీతకీ దానికీ తేడా ఏంటి, ఇవన్నీ స్క్రీన్ మీద చూసి నేర్చుకోవచ్చు. తల మీద ఎలక్ట్రోడ్లు (తీగలున్న చిన్న బిళ్లలు) పెట్టడం మాత్రం అట్ల రాదు. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా టేపుతో కొలవాలి, 36 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, పది శాతం లెక్కన 3.6 దగ్గర మొదటి గుర్తు, అక్కణ్నుంచి ఇరవై శాతం చొప్పున 7.2కి ఒకటి. నూనె పెట్టుకుని వచ్చిన జుట్టు పాయలు తీసి, చర్మం రుద్ది, పేస్టు పెట్టి అంటించాలి, అదీ ఒక్కోసారి నిద్ర చాలక ఏడుస్తున్న పిల్లాడి తల మీద. ఏడుస్తున్న పిల్లల చేతి నుంచి రోజూ రక్తం తీసే మీకు ఆ ఓపిక ఉంది, అది చిన్న విషయం కాదు. కానీ మిషన్ దగ్గర నిలబడకుండా ఆ చేయి తిరగదు.

వాళ్లు చెప్పే అమెరికా బోర్డు, అంటే ఈఈజీ టెక్నీషియన్లకు సర్టిఫికెట్ ఇచ్చే ఏబ్రెట్ సంస్థ, పెట్టే పరీక్షకైనా స్వయంగా తీసిన రికార్డింగుల లెక్క చూపించాలి. మన దగ్గర 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ చదువులకు కనీసం 2,000 గంటలు, రెండేళ్లకు తక్కువ కాకుండా ఉండాలంటోంది. ఆరు నెలల కోర్సు ఆ లెక్కకు ఎట్ల సరిపోతుంది?

ఇక లెక్కలు. ఫీజులో జీఎస్టీ కలిసి ఉందా అడిగారా? 18 శాతం పైన వేస్తే 1,53,400 అవుతుంది. చిట్టీ ఇప్పుడు 20,000 తగ్గించి పాడారనుకుందాం, చేతికి 80,000. మిగతా 73,400 నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 1,468 మిత్తే, అసలు కదలదు. చిట్టీ కిస్తు ఇంకో తొమ్మిది నెలలు ఎలాగూ తప్పదు. 'నో కాస్ట్ ఈఎంఐ' ఇస్తామన్నా ఒప్పుకోకండి, అది మీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీ లోన్, కోర్సు మధ్యలో మానేసినా కిస్తు ఆగదు, కట్టకపోతే సిబిల్ స్కోరు చెడుతుంది.

నా మాట వింటే చిట్టీ చివరి దాకా ఉంచండి. ముందు మీ ఆసుపత్రిలోనో, తెలిసిన న్యూరో డాక్టరు దగ్గరో డ్యూటీ అయ్యాక ఈఈజీ రూములో కూర్చుంటానని అడగండి. పది పదిహేను రోజులు చూస్తే ఈ పని మీకు పడుతుందా లేదా తెలిసిపోతుంది, రూపాయి ఖర్చు లేకుండా. పడుతుందనిపిస్తే మన వరంగల్‌లోనే ఉన్న కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం అలైడ్ హెల్త్ (అనుబంధ ఆరోగ్య కోర్సుల) నోటిఫికేషన్ చూడండి, న్యూరో సైన్స్ టెక్నాలజీ సీట్లు ఏ కాలేజీల్లో ఉన్నాయో ఫోన్ చేసి కనుక్కోండి. గుర్తింపు ఉన్న కోర్సయితే బ్యాంకు విద్యా రుణం అడగొచ్చు, చదువు అయ్యేదాకా కిస్తు మొదలుకాదు. జీతం ఆగే రోజులకు చిట్టీ డబ్బు అక్కరకొస్తుంది. ఎఫ్‌డీ విషయంలో మీ ఇంట్లో వాళ్లదే సరైన మాట.

ఆ ఆన్‌లైన్ వాళ్లను మాత్రం 20 తారీఖు లోపే మెయిల్‌లో అడగండి: ప్రాక్టికల్ ఏ ఆసుపత్రిలో, ఎన్ని గంటలు, సంతకం ఎవరు పెడతారు, మానేస్తే ఎంత వాపస్ ఇస్తారు. ఫోన్లో చెప్తామంటే వద్దనండి, రాతలోనే కావాలి. జవాబు వస్తే నాకు పంపండి, కలిసి చదువుదాం. రాకపోతే కట్టకండి.