గరిటె పెట్టకండి, పొయ్యి వదలకండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. నిరుడు మంచి మార్కులే వచ్చాయి. ఈ ఏడాది వారం వారం పెట్టే పరీక్షల్లో వెనకబడుతోంది. తెల్లవారుజామున నేనే లేపుతాను, రాత్రి పదకొండు దాకా పక్కనే కూర్చుంటాను. టైంటేబుల్ రాసి గోడకు అంటించాను. బాదంపప్పు, పాలు, నెయ్యి, దేనికీ లోటు చేయలేదు. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది, దానికి అలా కాకూడదని నా తాపత్రయం. కానీ నాతో మాట్లాడడం బాగా తగ్గించింది. కాలేజీ నుంచి మార్కుల మెసేజ్ వచ్చే రోజు తలనొప్పి అని అన్నం మానేస్తోంది. మా వారు ఈ మధ్య చైనాలో పుట్టిన తావో తత్త్వం గురించి చదివారు. వు వెయ్ అంటే ఏ ప్రయత్నమూ లేకుండా ఉండడమట, అలా ఉంటే అన్నీ వాటంతటవే జరుగుతాయట. గీత చెప్పిందీ అదే అంటారు. ఇంటి పని, పిల్ల చదువు అంతా నా మీదే. ఆయన మాట నిజమేనా? నేనేం చేయాలి?
– ఒక తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది తగ్గిన మార్కులు కాదు. మెసేజ్ వచ్చే రోజు అన్నం మానేస్తున్న ఆ పిల్ల. ముందు మీవారి మాట సంగతి చూసి ఆమె దగ్గరకు వస్తాను. నిజానికి ఆ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

మీవారు ఎంచుకున్నది గొప్ప తత్త్వమే. ఆయన దాన్ని సగంలో ఆపేశారు. వు వెయ్ గురించి మాట్లాడేవారు ముందుగా తలచుకునే గ్రంథం తావో తె చింగ్. ప్రాచీన చైనా జ్ఞాని లావోత్సు పేరు మీద వచ్చిన ఆ చిన్న పుస్తకంలో 81 అధ్యాయాలున్నాయి. పెద్ద రాజ్యాన్ని ఏలడం చిన్న చేపను వండడం లాంటిదన్న మాటతో 60వ అధ్యాయం మొదలవుతుంది. చైనాలో పుట్టిన ఆ మాటను మన కోస్తా వంటింట్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. చేపల పులుసు ఉడుకుతున్నప్పుడు మీరు గరిటె పెడతారా? ముక్క చితికి, ముల్లు పులుసులో కలిసిపోతుంది. మసిగుడ్డతో గిన్నెను రెండు వైపులా పట్టుకుని మెల్లగా ఒక తిప్పు తిప్పి మళ్లీ పొయ్యి మీద పెడతారు. మంట ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు దించాలో వాసనను బట్టి చెప్పగలరు. వు వెయ్ అంటే ఆ చేతి నేర్పు. గరిటె పెట్టని మనిషి పొయ్యి దగ్గరే ఉంటుంది, కళ్లు గిన్నె మీదే ఉంటాయి.

మీ ఇంట్లో ఇప్పుడు మీరు గరిటె తీయడం లేదు. మీవారు వంటింటి వైపే రావడం లేదు. ఇద్దరికీ కలిపే చెబుతున్నాను కాబట్టి ఈ జవాబు ఆయన చేత కూడా చదివించండి.

అయ్యా, మీరు ఇష్టపడిన ఆ పుస్తకంలోనే 63వ అధ్యాయం ఒకసారి చూడండి. కష్టమైన పనిని అది తేలికగా ఉండగానే అందుకోవాలని, పెద్ద పనిని చిన్నదిగా ఉండగానే చేయాలని అందులో ఉంది. ఏమీ చేయకుండా కూర్చోమని చెప్పే పుస్తకంలో ఈ మాటకు చోటుండదు. మీ అమ్మాయి తలనొప్పి ఇప్పటికి చిన్నదే. పబ్లిక్ పరీక్షలు, ఆ వెంటనే ఈఏపీసెట్ వచ్చే నాటికి అది ఇంతే ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. ఇక గీత అంటారా, యుద్ధం చేయనని విల్లు పక్కన పెట్టి కూర్చున్నవాడి చేత మళ్లీ విల్లు పట్టించడానికి చెప్పిన మాటలవి. ఫలం మీద ఆశ వదలమన్నారు కానీ పని వదలమనలేదు. ఇంటి పని మొత్తం ఒక్కరి మీద పడి ఉన్నప్పుడు రెండో మనిషి నిశ్చింతగా ఉండడం తత్త్వం కాదు. ఆ నిశ్చింత కోసం మీ భార్య నిద్ర ఖర్చవుతోంది. కటువుగా అన్నాననుకోకండి. ఈ ఇంట్లో మీ అవసరం చాలా ఉంది కాబట్టే అంటున్నాను. ఉదయం పిల్లను లేపడం, కాలేజీ బస్సు దగ్గర దింపడం రేపటి నుంచి మీరు తీసుకోండి. ఎందుకు దింపమంటున్నానో కింద చెబుతాను.

ఇప్పుడు మీ విషయం, అమ్మా. తావో సంప్రదాయంలో లావోత్సు తరువాత అంత పెద్ద పేరు జువాంగ్‌జిది. ఆయన పేరు మీదున్న గ్రంథంలో ఒక కథ ఉంది. ప్రాచీన చైనాలోని లూ రాజ్యపు రాజధాని బయట ఒక సముద్రపక్షి వాలింది. అక్కడి ప్రభువు మురిసిపోయి దాన్ని పూర్వీకుల ఆలయానికి తీసుకువచ్చాడు. మద్యం పోయించాడు, రాజసంగీతం వినిపించాడు, మాంసాలతో విందు పెట్టాడు. పక్షి కళ్లు తేలవేసింది. ఒక్క ముక్క ముట్టలేదు, ఒక్క గుక్క తాగలేదు, మూడు రోజులకు చనిపోయింది. తనకు ఏది ఇష్టమో దానితో పక్షిని పోషించాడు, పక్షికి ఏది కావాలో దానితో కాదు అంటుంది ఆ కథ. ఆ ప్రభువు చెడ్డవాడు కాడు, అతని ప్రేమలో లోపమూ లేదు. మీ ప్రేమలోనూ లోపం లేదు. పదో తరగతి తరువాత మీ చదువు ఆగినప్పుడు మీకు ఏవేవి దొరకలేదో, అవన్నీ ఇప్పుడు మీ అమ్మాయి టేబుల్ మీద ఉన్నాయి. పక్కన కూర్చునే మనిషి, వేళకు పాలు, గోడ మీద టైంటేబుల్, అన్నీ మీకు రావలసి రాకుండా పోయినవి. ఆ పిల్లకు ఏం కావాలో ఆమెను ఇంకా ఎవరూ అడిగినట్టు లేదు. చదువు మీద మీకున్న ఆకలి మాత్రం తీరవలసిందే. ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ ఈ వయసులోనూ కట్టవచ్చు. అది మీ కోసం కట్టండి.

అడగడం ఎలాగో చెప్పే కథ కూడా జువాంగ్‌జి గ్రంథంలోనే ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అది. డింగ్ అనే వంటవాడు ప్రభువు ముందు ఎద్దును కోస్తుంటాడు. కత్తి లయ తప్పకుండా కదులుతుంటే ప్రభువు ఆశ్చర్యపోతాడు. మొదట్లో నాకు కనిపించింది ఎద్దు ఒక్కటే, మూడేళ్ల తరువాత ఎద్దు మొత్తంగా కనిపించడం మానేసింది అంటాడు డింగ్. మంచి వంటవాడు కోస్తాడు కాబట్టి ఏడాదికో కత్తి మారుస్తాడు, మామూలువాడు నరుకుతాడు కాబట్టి నెలకో కత్తి. తన కత్తికి 19 ఏళ్లు, వేల ఎద్దులను కోసినా సానరాయి మీద నుంచి అప్పుడే తీసినట్టుంది. కీళ్ల మధ్య ఖాళీ ఉంటుంది, పలుచని కత్తి అంచు అందులోంచి పోతుంది కాబట్టి ఎముకకు తగలదు. ఈ కథ చెప్పేవారు చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు సంగతి దీని తరువాత ఉంది. నరాలు, ఎముకలు చిక్కుపడ్డ చోటుకు వచ్చినప్పుడల్లా నేను జాగ్రత్తపడతాను, చూపు అక్కడే నిలుపుతాను, చేయి నెమ్మది చేస్తాను, కత్తిని ఇసుమంత కదుపుతాను అంటాడు డింగ్. అంతలో ఆ భాగం మట్టిగడ్డ నేల మీద పడ్డట్టు విడిపోతుంది.

మీ ఇంట్లో చిక్కుపడ్డ చోటు చదువు మొత్తం కాదు. మార్కుల మెసేజ్ వచ్చే ఆ సాయంత్రం. మీరు ఇప్పటిదాకా బలమంతా పెట్టింది మిగతా చోట్ల. తెల్లవారుజామున, రాత్రి పదకొండింటికి, పాల గ్లాసు దగ్గర. అక్కడ చేయి తీసేయండి. రాత్రి పక్కన కూర్చోవడం మానేసి మీరు పడుకోండి. గోడ మీది కాగితం మీ చేతులతో మీరే తీసి, కావాలంటే నీ టైంటేబుల్ నువ్వు రాసుకో అనండి. రాయకపోయినా ఊరుకోండి. మొదటి వారం ఆమె తక్కువ చదవవచ్చు. మీకు ప్రాణం కొట్టుకుంటుంది. ఆ వారం ఓర్చుకోవడమే ఇందులో మీకు అన్నిటికన్నా కష్టమైన పని, అది నాకు తెలుసు.

మెసేజ్ రోజు మాత్రం ఇద్దరూ నెమ్మదించండి. ఫోను మోగగానే మార్కులు చూసి ఆమె ముఖం చూడడం ఒక అలవాటుగా మారి ఉంటుంది. ఆ సాయంత్రం ఫోను లోపల గదిలో పెట్టండి. అన్నం తిన్నాక, ఆమె తెలుసుకోవాలనుకుంటే ఆమే తెరిచి చూసుకుంటుంది. తక్కువ వచ్చినా ఆ రాత్రి దాని గురించి మాట ఎత్తకండి. విలుకాడి గురించి జువాంగ్‌జి గ్రంథం ఒక మాట చెబుతుంది: పెంకులు పందెం పెడితే గురి బాగా కుదురుతుంది, నడికట్టు కొక్కెం పెడితే తడబాటు మొదలవుతుంది, బంగారం పెడితే మతి చెదురుతుంది. చేతి నేర్పు మూడుసార్లూ ఒక్కటే. వారం పరీక్షను మనం బంగారం పందెంగా మార్చేశాం. దాన్ని మళ్లీ పెంకుల పందెం చేయడం మీ చేతుల్లో ఉంది.

ఇక ఉదయం బస్సు దగ్గర దింపే పని మీవారికి ఎందుకు ఇచ్చానంటే, ఈ వయసు పిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పరు. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, ముఖాలు కనబడనప్పుడు విప్పుతారు. అయ్యా, మొదటి నాలుగు రోజులు ఏమీ అడగకండి. తరువాత ఒక్కటే అడగండి: ఈ ఏడాది ఏ పాఠం దగ్గర మొదట అర్థం కాకుండా పోయింది? మార్కుల ఊసు వద్దు, ర్యాంకు ఊసు వద్దు. ఎంపీసీ పిల్లల్లో చాలామంది ఒకే చోట ఇరుక్కుంటారు. ఇంటిగ్రేషన్ ఒక వారం సరిగా అందకపోతే ఆ తరువాతి అవకలన సమీకరణాలూ అందవు, అప్పటి నుంచి లెక్కలన్నీ గోడలా కనిపిస్తాయి. ఆమె ఫలానా పాఠం అని చెబితే, ఆదివారం వేరే అన్నీ పక్కన పెట్టి ఆ ఒక్క పాఠం చెప్పించే ఏర్పాటు చేయండి. లెక్చరర్‌ను కలవవలసి వస్తే మీరే వెళ్లండి. అసలు ఎంపీసీయే వద్దంటే, ఆ మాట కూడా పూర్తిగా వినండి. వెంటనే ఏదీ తేల్చకండి.

అభ్యాసం అక్కర్లేదని నేను అనడం లేదు. డింగ్‌కు ఆ తేలిక మూడేళ్ల పని తరువాత వచ్చింది. పిల్ల కూర్చుని లెక్కలు చేయవలసిందే. పళ్లు బిగించి, భయంతో, ఒకే పేజీని అర్ధరాత్రి దాకా చూస్తూ కూర్చోవడం అభ్యాసం కిందకు రాదు, అలా కూర్చున్నప్పుడు ఏమీ ఎక్కదు. కంటినిండా నిద్రపోయి, రెండు గంటలు చేసిన లెక్కలే చేతికి అలవాటవుతాయి.

చివరగా ఒక విషయం, దీన్ని మాత్రం తేలికగా తీసుకోవద్దు. ఆ తలనొప్పి నిజమైనదే, నటన అనుకోకండి. ముందు కళ్లు పరీక్ష చేయించి, ఒకసారి డాక్టరుకు చూపించండి. అన్నం మానడం, నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటి కొనసాగితే మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. ఇక నేనెందుకు అన్నట్టు ఒక్క మాట ఆమె నోట వచ్చినా అన్ని రోజులు ఆగకండి, అదే రోజు తీసుకువెళ్లండి, ఆమెను ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు మీ ఇద్దరి ఫోన్లలోనూ, అమ్మాయి ఫోనులోనూ ఈ రోజే పెట్టుకోండి.